ఆపరేషన్ తట్టుకోలేని అమ్మకు పిత్తాశయంలో స్టెంట్ వేయించవచ్చా?

ప్రశ్న: మా అమ్మగారి వయసు 77. ఇరవై ఏళ్లుగా షుగర్ ఉంది. రెండేళ్ల క్రితం గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. గుండె పంపింగ్ 25 శాతమే ఉందని చెప్పారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. నెలన్నర క్రితం కుడివైపు డొక్కలో విపరీతమైన నొప్పి, చలిజ్వరం వచ్చాయి. స్కానింగులో గాల్ బ్లాడర్ నిండా రాళ్లు, చీము ఉన్నాయన్నారు. ఆపరేషన్‌ను ఆమె గుండె తట్టుకోదని చెప్పి, పక్కటెముకల దగ్గర నుంచి లోపలికి పైపు వేసి బ్యాగు తగిలించారు. జ్వరం, నొప్పి తగ్గిపోయాయి. కానీ ఒకసారి పైపు జారిపోతే రాత్రికి రాత్రి ఆస్పత్రికి పరుగెత్తి మళ్లీ వేయించాం. బ్యాగు ఎవరికైనా కనబడుతుందేమోనని అమ్మ వాకిట్లోకి రావడం కూడా మానేశారు. ఇప్పుడు డాక్టరుగారు నోట్లోంచి ఎండోస్కోపీ చేసి గాల్ బ్లాడర్‌కు స్టెంట్ వేస్తే బ్యాగు తీసేయవచ్చు అంటున్నారు. గుండెకు స్టెంట్ వేస్తారని తెలుసు గానీ గాల్ బ్లాడర్‌కు వేయడం ఎప్పుడూ వినలేదు. ఇది నమ్మదగిన వైద్యమేనా? రాళ్లు లోపలే ఉండిపోతే మళ్లీ జబ్బు తిరగబెట్టదా? పైపు తీసేసి ఊరుకుంటే సరిపోదా?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: నమ్మదగిన వైద్యమే. మీ డాక్టరుగారు చెప్పిన ఆలోచన మీ అమ్మగారి పరిస్థితికి సరిపోయేదే. అయితే సంతకం పెట్టే ముందు మీరు ఒక విషయం గట్టిగా తేల్చుకోవాలి. ఆపరేషన్ కుదరదన్నది ఇప్పటికి మాత్రమేనా, ఇక ఎప్పటికీనా? స్టెంట్ ఏ దారిలో వేయాలి, ఏ రకం వేయాలి, ఎంతకాలం ఉంచాలి అన్నవన్నీ ఈ జవాబును బట్టే మారిపోతాయి. చాలా కుటుంబాలు ఈ ప్రశ్న అడగకుండానే స్టెంట్ ధర దగ్గరికి వెళ్లిపోతాయి.

నెలన్నర క్రితం అమ్మగారిని తీసుకెళ్లినప్పుడు ఒంట్లో చీము ఉంది, జ్వరం మండుతోంది. ఆ స్థితిలో ఆపరేషన్ వద్దన్న సర్జన్ సరైన నిర్ణయమే తీసుకున్నారు. కానీ ఆ నిర్ణయం ఆ రాత్రికి సంబంధించినది. తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు గుండె పంపింగ్ తాత్కాలికంగా ఇంకా పడిపోతుంది. కాబట్టి ఆ 25 శాతం అన్న అంకె ఎప్పటి ఎకో పరీక్షలో వచ్చిందో చూడండి. రెండేళ్ల నాటిదైనా, జ్వరంలో ఉన్నప్పటిదైనా ఇప్పుడు కొత్తగా ఎకో తీయించాలి. గుండె వైఫల్యానికి ఈ రోజుల్లో ఉన్న మందులను సరైన మోతాదులో కొన్ని నెలలు వాడితే కొందరిలో పంపింగ్ చెప్పుకోదగినంత మెరుగవుతుంది. మీ అమ్మగారు ఆ మందులు పూర్తి మోతాదులో వాడుతున్నారో లేదో గుండె డాక్టరును అడగండి.

వయసు ఒక్కటే కారణంగా ఆపరేషన్ వద్దన్నా, ప్రమాదం ఎక్కువన్న మాట ఒక్కటే చెప్పి పైపుతో సరిపెట్టినా నేను ఒప్పుకోను. నెదర్లాండ్స్‌లో చాకొలెట్ అనే పేరుతో జరిగిన ఒక అధ్యయనం 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పిత్తాశయం వాచి, ఆపరేషన్ ప్రమాదం ఎక్కువగా ఉన్న 142 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు లాపరోస్కోపీతో పిత్తాశయం తీసేశారు, రెండో జట్టుకు మీ అమ్మగారికి వేసినట్టే బయటి నుంచి పైపు వేశారు. పెద్ద చిక్కులు ఆపరేషన్ అయినవారిలో 12 శాతం మందికి వస్తే పైపు వేసినవారిలో 65 శాతం మందికి వచ్చాయి. తేడా అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. పైపు పెట్టడం చిన్న పని కాబట్టి క్షేమమనీ, ఆపరేషన్ పెద్ద పని కాబట్టి ప్రమాదమనీ మనం సహజంగా అనుకునేది అన్నివేళలా నిజం కాదని ఆ అంకెలు చెబుతున్నాయి.

అలాగని ఈ ఫలితాన్ని నేరుగా మీ అమ్మగారికి అంటగట్టలేం. బాగా విషమించిన రోగులను ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. పంపింగ్ నిజంగానే 25 శాతం ఉంటే, లాపరోస్కోపీ కోసం పొట్టలో గ్యాసు నింపినప్పుడు పడే ఒత్తిడినీ పూర్తి మత్తునూ ఆ గుండె భరించడం కష్టం. కాబట్టి సర్జన్, గుండె డాక్టరు, మత్తు డాక్టరు ముగ్గురూ ఇప్పటి పరిస్థితిని చూసి మాట్లాడుకోవాలి. ముగ్గురి మాటా ఒకటే అయితే ఇక సందేహం పెట్టుకోకండి.

ఇప్పుడు పైపు సంగతి. పిత్తాశయంలో రాళ్లు ఉన్నంత మాత్రాన చీము పట్టదు. దాని మెడ దగ్గర నుంచి ఒక సన్నని నాళం బయలుదేరి ప్రధాన పిత్తనాళంలో కలుస్తుంది. మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవుండే ఆ నాళం లోపల మెలికలు తిరిగి ఉంటుంది. అక్కడ రాయి ఇరుక్కుంటే పిత్తరసం బయటికి పోలేదు. లోపల ఒత్తిడి పెరిగి గోడ వాస్తుంది, సూక్ష్మక్రిములు చేరి చీము పడుతుంది. మీ అమ్మగారికి వేసిన పైపు ఆ చీమును బయటికి లాగి ప్రాణం కాపాడింది. కానీ ఇరుక్కున్న రాయిని అది కదల్చలేదు. ఆ రాయి ఇంకా అక్కడే ఉంటే పైపు తీసిన కొద్ది రోజులకో కొన్ని వారాలకో మళ్లీ అదే నొప్పి, అదే జ్వరం వస్తాయి. 'పైపు తీసేసి ఊరుకుంటే సరిపోదా' అన్న మీ ప్రశ్నకు సమాధానం ఆ నాళం తెరుచుకుందా లేదా అన్నదాంట్లో ఉంది.

అది తెలుసుకోవడం తేలికే. ఉన్న పైపులోంచే రంగుమందు ఎక్కించి ఎక్స్-రే తీస్తారు. కొలాంజియోగ్రామ్ అంటారు. కొత్తగా పొడవవలసింది ఏమీ ఉండదు. మందు పిత్తాశయం నిండి, మెడ దాటి, ప్రధాన నాళంలోకి, అక్కడి నుంచి చిన్నపేగులోకి జారుతూ కనిపిస్తే దారి తెరుచుకున్నట్టు. మెడ దగ్గరే ఆగిపోతే మూసుకుపోయినట్టు. ప్రధాన నాళంలో రాయి ఉన్నా అందులోనే బయటపడవచ్చు. ఈ ఎక్స్-రే తీయకుండా పైపు పీకేస్తామంటే ఒప్పుకోకండి. ఇంట్లో మీరు గమనించగలిగిన సూచన కూడా ఒకటి ఉంది. బ్యాగులోకి ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగులో పిత్తరసం ధారాళంగా వస్తుంటే నాళం తెరుచుకుని ఉండవచ్చు. రోజూ కొద్దిగా, రంగు లేని జిగురులాంటి నీరు మాత్రమే వస్తుంటే కాలేయం నుంచి వచ్చే పిత్తరసం పిత్తాశయందాకా చేరడం లేదని అర్థం. ఇది సూచన మాత్రమే, నిర్ధారణ ఎక్స్-రేతోనే జరగాలి. రంగు, రోజుకు ఎన్ని మిల్లీలీటర్లు వస్తోంది అన్నవి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. డాక్టరుకు ఎంతో ఉపయోగపడుతుంది.

ఇక స్టెంట్. ఎండోస్కోపీతో పిత్తాశయానికి స్టెంట్ వేయడానికి రెండు దారులున్నాయి. రెండూ నోట్లోంచే వెళ్తాయి కాబట్టి బయటివారికి ఒకటే అనిపిస్తుంది గానీ లోపల జరిగేది పూర్తిగా వేరు. మీ డాక్టరుగారు ఏది అనుకుంటున్నారో అడగండి.

మొదటిది ఈఆర్‌సీపీ దారి. ఎండోస్కోపును చిన్నపేగు మొదటి భాగం దాకా పంపి, పిత్తనాళం పేగులోకి తెరుచుకునే చోట నుంచి సన్నని తీగను లోపలికి ఎక్కిస్తారు. ఆ తీగ పైకి వెళ్లి, ఇందాక చెప్పిన మెలికల నాళంలోకి మళ్లి, పిత్తాశయంలోకి చేరాలి. దాని మీదుగా రెండు చివరలా చుట్టుకుని ఉండే సన్నని ప్లాస్టిక్ స్టెంటును నెడతారు. ఒక చుట్ట పిత్తాశయంలో, ఇంకో చుట్ట పేగులో ఉండటంతో అది జారిపోదు. మన శరీరంలో సహజంగా ఉన్న దారిలోనే వెళ్తుంది కాబట్టి ఎక్కడా కొత్త రంధ్రం చేయరు. తరువాత ఎప్పుడైనా ఆపరేషన్ చేయవలసి వస్తే సర్జన్‌కు దీనివల్ల పెద్ద అడ్డంకి ఉండదు. కష్టమంతా ఆ మెలికల్లో తీగ దూర్చడంలోనే ఉంది. నాళంలో రాయి బిగుసుకుని ఉంటే ఎంత అనుభవం ఉన్న చేతికైనా ఒక్కోసారి దారి దొరకదు. క్లోమం వాచే ప్రమాదం కూడా ఈఆర్‌సీపీకి ఎప్పుడూ ఉంటుంది. అది కొద్దిమందికే వస్తుంది, కానీ మీ అమ్మగారి వయసులో వస్తే తేలిగ్గా తీసుకోలేం.

రెండోది ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ దారి. ఈయూఎస్ అంటారు. ఈ గొట్టం కొసన కెమెరాతో పాటు స్కానింగ్ పరికరం కూడా ఉంటుంది. చిన్నపేగు మొదటి భాగంలో నిలిపి చూస్తే పేగు గోడకు అవతల, సెంటీమీటరు లోపు దూరంలోనే పిత్తాశయం కనబడుతుంది. మధ్యలో రక్తనాళాలేవీ లేవని, రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్‌తో చూసుకుని, కొసన విద్యుత్తుతో వేడెక్కే పరికరంతో పేగు గోడనూ పిత్తాశయం గోడనూ ఒకేసారి దాటుతారు. ఆ పరికరంలోనే మడిచి ఉన్న లోహపు స్టెంట్ అక్కడ విచ్చుకుంటుంది. దారం చుట్టే రీలులా దానికి రెండు వైపులా వెడల్పైన అంచులుంటాయి. లోపలి అంచు ముందుగా పిత్తాశయంలో విచ్చుకుంటుంది. మెల్లగా వెనక్కి లాగి రెండు గోడలూ ఒకదానికొకటి ఆనిన తరువాత బయటి అంచును పేగులో విప్పుతారు. ఆ క్షణంలోనే చీము, పిత్తరసం పేగులోకి దూకుతూ కెమెరాలో కనిపిస్తాయి. మధ్యలోని దారి వెడల్పు సాధారణంగా 10 లేదా 15 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ స్టెంట్ వ్యాసం రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. ఆ తేడా చూస్తే ఎందుకు ఇది బాగా పని చేస్తుందో మీకే తెలుస్తుంది.

మీ అమ్మగారికి ఇప్పటికే పైపు ఉండటం ఇక్కడ కలిసివస్తుంది. పైపు వల్ల పిత్తాశయం ఖాళీ అయి ముడుచుకుపోయి ఉంటుంది. ముడుచుకున్నదాన్ని గురి చూసి పొడవడం కష్టం. అందుకని ఆ పైపులోంచే సెలైన్ ఎక్కించి పిత్తాశయాన్ని ఉబ్బించి, అప్పుడు స్టెంట్ వేస్తారు. స్టెంట్ సరిగా పని చేస్తోందని చూసుకున్నాక బయటి పైపును క్లిప్పుతో మూసి ఉంచి, కొద్ది రోజుల తరువాత తీసేస్తారు. అదే రోజు పైపు తీయలేదని కంగారు పడకండి.

ఈ రెండో పద్ధతికి గట్టి ఆధారం హాంకాంగ్ నుంచి వచ్చింది. అక్కడి చైనీస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంథొనీ టియో నాయకత్వంలో కొన్ని దేశాల ఆస్పత్రులు కలిసి ఆపరేషన్‌కు పనికిరాని 80 మంది మీద చేసిన అధ్యయనం 2020లో గట్ అనే పత్రికలో వచ్చింది. సగం మందికి బయటి పైపు, సగం మందికి ఈయూఎస్ స్టెంట్. ఏడాది తిరిగేసరికి ఏదో ఒక చిక్కు వచ్చినవారు పైపు జట్టులో 77.5 శాతం, స్టెంట్ జట్టులో 25.6 శాతం. పిత్తాశయం మళ్లీ వాచినవారు పైపు జట్టులో 20 శాతం, స్టెంట్ జట్టులో 2.6 శాతం. చీము తగ్గించడంలో మాత్రం రెండూ సమానమే. నెల రోజుల్లో మరణాల విషయంలోనూ చెప్పుకోదగిన తేడా లేదు. అంటే స్టెంట్ వల్ల ఆయుష్షు పెరుగుతుందని ఎవరూ రుజువు చేయలేదు. మళ్లీ మళ్లీ ఆస్పత్రి చుట్టూ తిరగడం, పైపు జారిపోవడం, నొప్పి, జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గుతాయని రుజువైంది. అర్ధరాత్రి పైపు జారిపోయి పరుగెత్తిన మీకు ఆ తేడా ఎంత పెద్దదో నేను చెప్పనక్కరలేదు. ఇలాంటి రోగులకు, రెండు సౌకర్యాలూ ఉన్నచోట, బయటి పైపు కన్నా ఈయూఎస్ స్టెంటే మేలని యూరప్ ఎండోస్కోపీ వైద్యుల సంఘం 2022లో వెలువడిన మార్గదర్శకాల్లో సిఫారసు చేసింది.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి సూటిగా చెబుతాను. కొత్త ఎకోలో కూడా పంపింగ్ అలాగే ఉండి, ముగ్గురు డాక్టర్లూ ఆపరేషన్ ఇక ఎప్పటికీ వద్దంటే ఈయూఎస్ స్టెంట్ వేయించండి. గుండె మెరుగయ్యే ఆశ ఉండి, ఆరు నెలలకో ఏడాదికో ఆపరేషన్ చేయవచ్చేమో అంటే, నాళం తెరుచుకునే ఉంటే, ఈఆర్‌సీపీ దారిలో ప్లాస్టిక్ స్టెంట్ మేలు. లోహపు స్టెంట్ వేశాక ఆపరేషన్ అసాధ్యమేమీ కాదు. కానీ పిత్తాశయం పేగుకు అతుక్కుపోయి ఉంటుంది. సర్జన్ దాన్ని విడదీసి పేగుకు పడిన రంధ్రాన్ని కూడా మూయాలి. కడుపులో నీరు ఎక్కువగా చేరినవారికి, రక్తం గడ్డకట్టే గుణం బాగా దెబ్బతిన్నవారికి, పిత్తాశయం గోడ అప్పటికే చిల్లుపడినవారికి ఈయూఎస్ స్టెంట్ సాధారణంగా తగదు. గుండె బలహీనంగా ఉన్నవారిలో కొందరికి కడుపులో నీరు చేరుతుంది కాబట్టి స్కానింగులో ఆ విషయం ప్రత్యేకంగా చూడమనండి.

రక్తం పలచబడే మందుల గురించి మీరు విడిగా అడగలేదు. కానీ మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే. ఈయూఎస్ స్టెంట్ రెండు గోడలను చీల్చుకుని వెళ్లే పని కాబట్టి రక్తస్రావం ప్రమాదం ఎక్కువ ఉన్న ప్రక్రియల జాబితాలో ఉంటుంది. దానికి ముందు క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజులు ఆపుతారు, ఆస్పిరిన్ మాత్రం కొనసాగిస్తారు. ఈఆర్‌సీపీలో నాళం ద్వారాన్ని కోయకుండా స్టెంట్ మాత్రమే వేస్తే రక్తస్రావం భయం తక్కువ, మందులు ఆపవలసిన అవసరం చాలామందికి ఉండదు. గుండె స్టెంట్ వేసి రెండేళ్లయింది కాబట్టి రెండు మందులూ ఇంకా అవసరమా, క్లోపిడోగ్రెల్ కొద్ది రోజులు ఆపవచ్చా అన్నది గుండె డాక్టరు కాగితం మీద రాసి ఇవ్వాలి. పక్కింటివారో, మందుల షాపువారో చెప్పారని మీరే ఆపేయకండి. గుండె స్టెంట్ మూసుకుపోతే అది ఇప్పుడున్న జబ్బు కన్నా పెద్ద ఆపద.

కోత లేదు కదా అని ఇది బొత్తిగా ప్రమాదం లేని పని అనుకోవద్దు. దీనికీ మత్తు ఇస్తారు. బలహీనమైన గుండెకు మత్తు ఇవ్వడం తెలిసిన డాక్టరు ఆ గదిలో ఉండాలి. స్టెంట్ తప్పుచోట విచ్చుకోవడం, పిత్తరసం కడుపులోకి కారడం, రక్తస్రావం, పేగుకు చిల్లు పడటం వంటివి అరుదుగా జరుగుతాయి. జరిగితే వెంటనే సరిదిద్దగలిగే సర్జన్, రేడియాలజీ విభాగం అదే భవనంలో ఉన్నచోటే చేయించండి. హైదరాబాద్‌లో ఏఐజీ వంటి పెద్ద జీర్ణకోశ వ్యాధుల ఆస్పత్రుల్లో ఈయూఎస్ చికిత్సలు మామూలుగా జరుగుతుంటాయి. విజయవాడ, విశాఖపట్నంలో కూడా చేసేవారున్నారు. చేయబోయే డాక్టరును 'ఈ పని మీరు ఎన్నిసార్లు చేశారు, కుదరకపోతే రెండో ఆలోచన ఏమిటి' అని అడగడానికి మొహమాటపడకండి. పని తెలిసినవారు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. లోహపు స్టెంట్ ఖరీదైనది. ఆరోగ్యశ్రీ కార్డు గానీ బీమా గానీ ఉంటే, స్టెంట్ ఖర్చు అందులోకి వస్తుందో రాదో ఆస్పత్రిలో చేరకముందే లిఖితపూర్వకంగా తెలుసుకోండి.

రాళ్ల విషయానికి వస్తే, లోపల రాయి ఉండటం ఒక్కటే జబ్బు కాదు. దారి మూసుకుపోవడం అసలు జబ్బు. లోహపు స్టెంట్ వేశాక పిత్తాశయానికి పేగులోకి వెడల్పైన కొత్త దారి ఏర్పడుతుంది. చిన్న రాళ్లు చాలావరకు ఆ దారిలో వాటంతటవే జారిపోతాయి. పెద్దవి ఉంటే కొన్ని వారాల తరువాత అదే దారిలో ఎండోస్కోపును పిత్తాశయంలోకే పంపి వాటిని పగలగొట్టి తీయవచ్చు. ప్లాస్టిక్ స్టెంట్ వేసినప్పుడు రాళ్లు అక్కడే ఉంటాయి. స్టెంట్ లోపలి రంధ్రం కొన్నాళ్లకు పూడినా దాని పక్కనుంచి పిత్తరసం కారుతూనే ఉంటుంది కాబట్టి చాలామందికి బాధ ఉండదు.

స్టెంట్ వేయించి మరిచిపోవడం మాత్రం కుదరదు. ఇది నేను మరీ మరీ చెప్పాలి. లోహపు స్టెంట్ చాలాకాలం అలాగే ఉంటే దాని అంచు మీద కండ పెరిగి కప్పేయవచ్చు, ఎదురుగోడకు ఒరుసుకుని రక్తం కారవచ్చు, ఆహారం ఇరుక్కుని మూసుకుపోవచ్చు. ఎక్కువకాలం బతికే ఆశ ఉన్నవారికి కొన్ని వారాల తరువాత మళ్లీ ఎండోస్కోపీ చేసి, లోహపు స్టెంట్ తీసేసి, ఏర్పడిన దారి మూసుకుపోకుండా చిన్న ప్లాస్టిక్ స్టెంటులు పెట్టే పద్ధతి ఉంది. బాగా బలహీనంగా ఉన్నవారికి మరో ఎండోస్కోపీ శ్రమ పెట్టకుండా అదే ఉంచేస్తారు. మీ అమ్మగారికి ఏది అనుకుంటున్నారో డిశ్చార్జి కాగితంలో తేదీతో సహా రాయించుకోండి. స్టెంట్ పేరు, కొలత ఉన్న కార్డు కూడా అడిగి తీసుకుని గుండె కాగితాలతో కలిపి దాచండి. రేపు ఎప్పుడైనా ఎమ్మారై తీయవలసి వస్తే ముందు ఆ కార్డు చూపించాలి.

ఇంటికి వచ్చాక జ్వరం, వణుకు, కళ్లు పచ్చబడటం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, కడుపునొప్పి వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఈ వయసులో, అందులోనూ షుగర్ ఉన్నవారికి, లోపల చీము ఉన్నా జ్వరం రాకపోవచ్చు. అన్నం వద్దనడం, మాట తడబడటం, పగలంతా మగతగా పడుకోవడం, షుగర్ కారణం లేకుండా పెరిగిపోవడం ఇవే తొలి గుర్తులు కావచ్చు. తిండి విషయంలో పెద్ద పథ్యాలేమీ లేవు. గుండెకు, షుగర్‌కు చెప్పిన ఆహారమే కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టండి. పీచు ఎక్కువగా ఉండే ఆకుకూర కాడలు, మునక్కాడ పిప్పి వంటివి మింగకుండా చూడండి.

ఒకవేళ కళ్లు పచ్చబడితే 'కామెర్లకు పసరు పోయిద్దాం' అని సలహా ఇచ్చేవారు మీ చుట్టూ తప్పక ఉంటారు. దయచేసి ఆ దారి పట్టకండి. నాళం మూసుకుని వచ్చిన కామెర్లకు పసరు పనిచేయదు. చేతికి వాత పెడితే షుగర్ ఉన్న మనిషికి పుండు మానదు. రాళ్లు కరిగిస్తామని నూనె, నిమ్మరసం కలిపి తాగించే చిట్కాలు కూడా అలాంటివే. ఆ నూనెకు పిత్తాశయం గట్టిగా ముడుచుకుని రాయి మళ్లీ మెడలో ఇరుక్కుంటే కథ మొదటికి వస్తుంది.

మీ ఉత్తరంలో డాక్టర్లు ఏమన్నారో ఉంది, మీరు ఏమనుకుంటున్నారో ఉంది. అమ్మగారు ఏమన్నారో లేదు. ఆమె వాకిట్లోకి రావడం మానేశారన్న ఒక్క వాక్యం మాత్రం ఉంది. అది నాకు చాలా చెప్పింది. ఆమెను కూర్చోబెట్టుకుని, పైపు ఇలాగే ఉంచితే ఏమవుతుందో, స్టెంట్ వేస్తే ఏమవుతుందో, ఏమీ చేయకపోతే ఏమవుతుందో తేలిక మాటల్లో చెప్పండి. 'మీకు ఏది ఎక్కువ బాధగా ఉంది' అని అడగండి. కొందరు పెద్దవాళ్లు మరోసారి ఆస్పత్రిలో చేరడం కన్నా బ్యాగుతో ఉండటమే నయం అంటారు. ఇంకొందరు ఎంత ప్రమాదమైనా సరే ఈ బ్యాగు వదిలించండి అంటారు. రెండూ గౌరవించవలసిన మాటలే. బిడ్డలు భయపడతారని ఆమె మీ ముందు చెప్పలేకపోతే డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి.

ఇవన్నీ తేలేలోపు పైపును జాగ్రత్తగా చూసుకోండి. బ్యాగు ఎప్పుడూ నడుము కన్నా కిందే ఉండాలి. సగం నిండగానే ఖాళీ చేయండి, బరువుకు పైపు లాగకూడదు. చర్మం దగ్గర పైపు మీద పెన్నుతో ఒక గీత గీసి పెట్టండి. గీత బయటికి జరిగితే పైపు జారుతోందని వెంటనే తెలుస్తుంది. ఆస్పత్రిలో నేర్పిన విధంగానే, వారు చెప్పినంత సెలైన్‌తోనే పైపును శుభ్రం చేయండి. బలంగా నెట్టవద్దు, సిరంజితో వెనక్కి లాగవద్దు. ఊడి వస్తే లోపలికి తోయకుండా శుభ్రమైన గుడ్డ అద్ది, కొన్ని గంటల్లోగా ఆస్పత్రికి చేరండి. ఆలస్యమైతే ఆ దారి పూడిపోయి మళ్లీ కొత్తగా పొడవవలసి వస్తుంది. రంగుమందు ఎక్స్-రే, కొత్త ఎకో ఈ వారంలోనే తీయించి, రెండు రిపోర్టులూ చేతిలో పెట్టుకుని ముగ్గురు డాక్టర్లనూ కలవండి.